నల్ల జీలకర్ర వాపును తగ్గించొచ్చు, థైరాయిడ్ మాత్రకు మాత్రం బదులు కాదు

సంపాదకులకు,

నల్ల జీలకర్ర వాడితే థైరాయిడ్ గ్రంథి వాపు తగ్గుతుందని, ఇక మాత్ర మానేయవచ్చని చాలామంది నమ్ముతున్నారు. ఇందులో మొదటి మాటకు కొంత ఆధారం ఉంది. రెండో మాట మనుషుల్ని దెబ్బతీస్తోంది కాబట్టే ఈ లేఖ.

థైరాయిడ్ వాపు జబ్బు అయిన హషిమోటో థైరాయిడైటిస్‌ను 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో నలుగురు రోగుల్లో గుర్తించి రాశాడు. ఈ జబ్బులో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు థైరాయిడ్ గ్రంథిలోకి చేరి దాన్ని కొద్దికొద్దిగా దెబ్బతీస్తాయి. వాపు అంటున్నది ఈ దాడినే. మెడ ఉబ్బినట్టు పైకి కనిపించకపోయినా లోపల జరుగుతూనే ఉండొచ్చు. రక్తంలో టీపీఓ యాంటీబాడీలు (థైరాయిడ్‌లోని ఒక ఎంజైముకు వ్యతిరేకంగా ఒళ్లు తయారుచేసే ప్రొటీన్లు) ఎక్కువగా ఉండటం దీనికి గుర్తు. హార్మోను తయారీకి గ్రంథి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వాడుకుంటుంది, అందువల్ల ఆక్సీకరణ ఒత్తిడి (కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ పదార్థాల భారం) అక్కడ మామూలుగానే ఎక్కువ. దానికి వాపు తోడైతే కణాలు తట్టుకోలేవు. నల్ల జీలకర్రలోని థైమోక్వినోన్ అనే పదార్థం ప్రయోగశాల పరీక్షల్లో ఈ రెంటి మీదా పనిచేసింది. ఆక్సీకరణను అడ్డుకుంది, వాపును రగిలించే ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ జోరునూ తగ్గించింది.

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువగా చెప్పుకునేది ఇరాన్ పరిశోధకులు 2016లో ప్రచురించినది. 40 మంది హషిమోటో రోగుల్లో ఒక వర్గానికి 8 వారాల పాటు రోజుకు 2 గ్రాముల గింజల పొడి ఇచ్చారు. వారిలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను, గ్రంథి మందగిస్తే ఇది పెరుగుతుంది), టీపీఓ యాంటీబాడీలు తగ్గాయి, థైరాయిడ్ హార్మోను టీ3 పెరిగింది. బరువూ తగ్గింది. బరువు తగ్గడాన్ని అదనపు లాభంగా చెప్పుకుంటారు గానీ మాకు అక్కడే అనుమానం. ఒళ్లు తగ్గితే టీఎస్‌హెచ్ దానంతటదే కొంత దిగుతుంది. వచ్చిన మార్పులో పొడి వాటా ఎంత, బరువు వాటా ఎంత అన్నది ఇంత చిన్న పరీక్షతో తేలదు.

అసలు పొరపాటు మాత్ర ఆపి చూడటంలో ఉంది. ఆ మాత్రలోని హార్మోను లెవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది. ఆపిన వారానికి సగం, రెండో వారానికి పావు వంతు ఇంకా మిగిలే ఉంటుంది. అందుకే మొదటి రెండు మూడు వారాలు పెద్ద తేడా తెలియదు, ఆ ఘనత గింజలకు పోతుంది. నీరసం, మలబద్ధకం, చలి, ముఖం ఉబ్బడం మెల్లగా మొదలయ్యేసరికి టీఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంటుంది. ప్రసవం తరవాత వచ్చే థైరాయిడైటిస్‌, వైరల్ జ్వరం తరవాత మెడ నొప్పితో వచ్చే రకం చాలామందిలో కొన్ని నెలలకు వాటంతటవే సర్దుకుంటాయి. ఆ నెలల్లో ఏది వాడితే దానికే పేరొస్తుంది. యాంటీబాడీల అంకె తగ్గినంత మాత్రాన గ్రంథి కోలుకుందనీ అనుకోకూడదు. పాడైన చోట పీచులా గట్టిపడిన కణజాలం మళ్లీ హార్మోను తయారుచేయదు.

వైద్యుడికి చెప్పి వాడదలచినవారు ముందు గింజను సరిగ్గా గుర్తించాలి. సాజీరను కూడా కొందరు నల్ల జీలకర్ర అనే పిలుస్తారు. అది సన్నగా, పొడవుగా, గోధుమ రంగులో, చారలతో ఉంటుంది. మనం చెప్పుకుంటున్నది నైజెల్లా సటైవా: నల్లగా, పొట్టిగా, మూడు అంచులతో, మెరుపు లేకుండా ఉండే గింజ. చెంచాతో కొలవకండి, తూచండి. పూటకు 1 గ్రాము, రోజుకు రెండు పూటలు, భోజనం తరవాత. గింజలో మూడో వంతు దాకా నూనె ఉంటుంది, పొడి చేసి నెలల తరబడి ఉంచితే కనరు వాసన వస్తుంది. వారానికి సరిపడా దంచుకుని, వెలుతురు తగలని సీసాలో బిగించి పెట్టండి. థైమోక్వినోన్ వెలుతురుకు పాడవుతుంది, వేడికి ఆవిరైపోతుంది. థైరాయిడ్ మాత్ర ఎప్పటిలా పొద్దున్నే పరగడుపున నీళ్లతోనే వేసుకోవాలి. పొడికి, మాత్రకు మధ్య 4 గంటల ఎడం ఉంచడం మంచిది.

గర్భిణులు ఈ మోతాదులో వాడకూడదు. మధుమేహం, రక్తపోటు మందులు వాడేవారిలో చక్కెర, బీపీ మరీ పడిపోవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారు దూరంగా ఉండాలి. ఆపరేషన్ ఉంటే 2 వారాల ముందే ఆపాలి. థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధిలో టీ3 ఇప్పటికే ఎక్కువ, దాన్ని పెంచే అవకాశమున్న దేనితోనూ ప్రయోగాలు చేయకూడదు.

మొదలుపెట్టే ముందు ఒకసారి, 8 వారాలకు మరోసారి, ఒకే ల్యాబులో టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే థైరాయిడ్ హార్మోను) పరీక్షలు చేయించుకోండి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపండి, లేకపోతే అంకెలు తప్పుగా వస్తాయి. టీఎస్‌హెచ్ మామూలు కన్నా కిందికి దిగితే వైద్యుడు మాత్రను 12.5 లేదా 25 మైక్రోగ్రాములు తగ్గించి, 6 నుంచి 8 వారాలకు మళ్లీ చూస్తారు.

– థైరాయిడ్ రోగులకు చికిత్స చేసే వైద్యులు