విలీన మండలాలకు సొంత నియోజకవర్గం కావాలి

2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాల జనానికి ఐదేళ్లపాటు సొంత రాష్ట్ర అసెంబ్లీలో ఎమ్మెల్యేనే లేడు, నియోజకవర్గాల పునర్విభజన గురించి వస్తున్న వార్తల్లో ఈ మాట ఎవరూ ఎత్తడం లేదు. ఆ ఏడాది ఏప్రిల్ 30న చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం వాళ్లు భద్రాచలం నియోజకవర్గంలో ఓటేశారు. నెల తిరక్కముందే ఆర్డినెన్స్ వచ్చింది, ఊళ్లు ఆంధ్రాకు వచ్చాయి, గెలిచిన సున్నం రాజయ్య గారు మాత్రం తెలంగాణ అసెంబ్లీలో కూర్చున్నారు. రోడ్డు కావాలన్నా, పునరావాసం డబ్బు రాకపోయినా అమరావతిలో అడిగే నాథుడు లేడు, మళ్లీ 2019 దాకా అంతే. మా మామయ్య ట్రంకు పెట్టెలో రెండు ఓటరు కార్డులున్నాయి, ఒకదాని వెనక భద్రాచలం, రెండోదాని వెనక రంపచోడవరం, ఆయన ఇల్లు మాత్రం అడుగు కూడా కదల్లేదు. అసలు 1959 దాకా ఈ భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి జిల్లాలోదే, గీతలు ఎన్నిసార్లు మార్చినా ఇక్కడి కోయ గిరిజనుల్ని అడిగింది ఎప్పుడు? ఇప్పుడు చింతూరు నుంచి నియోజకవర్గ కేంద్రం రంపచోడవరానికి వెళ్లాలంటే మారేడుమిల్లి ఘాట్ దాటాలి, విలీనమైన మిగతా మండలాలు కుక్కునూరు, వేలేరుపాడు వాళ్లనేమో పోలవరం నియోజకవర్గంలో కలిపారు. విభజన చట్టం సెక్షన్ 26 ప్రకారం సీట్లు 175 నుంచి 225కి పెంచేటప్పుడు ఈ మండలాలన్నిటినీ కలిపి ఒక ఎస్టీ నియోజకవర్గం చేయాలి, దానికి ముందు అక్కడే గ్రామసభలు పెట్టి జనం మాట వినాలి.