ఆ మూడు రోజులు మీకు పోసింది నన్నారి కాదు

నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో మన షర్బత్ కొట్టుకి రోజూ వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏప్రిల్ మూడో వారం శుక్ర, శని, ఆదివారాల్లో మా దగ్గర నన్నారి అడిగినవాళ్లకి నేను పోసింది నన్నారి కాదు. ఎసెన్స్, రంగు, చక్కెర పాకం. తెలిసే పోశావా అని అడుగుతారు. శుక్రవారం తెలియదు. శనివారం సాయంత్రానికి అనుమానం వచ్చింది. ఆదివారం గిరాకీ ఎక్కువని నోరు మూసుకుని అమ్మాను. ఈ ఆఖరి వాక్యం రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

ఆ ఆదివారం మన రిటైరైన టీచరమ్మ వచ్చారు. ఒక్క గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, యాభై నోటు ఇచ్చి, చిల్లర తీసుకోకుండా వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

మన నన్నారి షర్బత్ మారేడు గడ్డలది, బిల్వపత్రి మారేడు కాదు. కన్నడంలో మాకళి బేరు అంటారు, ఇక్కడివాళ్లు ఊరగాయ పెట్టుకునేది అదే. శేషాచలం, పాలకొండల్లో రాతి సందుల్లో పెరిగే తీగ, దాని వేర్లు. పచ్చిగడ్డ ముక్క కొరికితే నాలుక చిమచిమలాడుతుంది. వెనిలాకి దగ్గరగా ఉండే ఆ వాసన ఎసెన్స్‌లోనూ వస్తుంది. చిమచిమ రాదు. మా నాన్న పాకం కాచేటప్పుడు ముందు ముక్క కొరికి చూసేవాడు. నేనూ అంతే. ఆ శుక్రవారం కొరకడానికి ముక్క లేదు. డబ్బాలే వచ్చాయి.

తొమ్మిదేళ్లుగా గడ్డలు పంపే వ్యాపారి ఒకాయన ఉన్నాడు. పేరు రాయను. ఫిబ్రవరిలో ఫోన్ చేస్తే "ఫారెస్టోళ్లు కొండెక్కనియ్యడం లేదు, మంటలు" అన్నాడు. అది నిజమే. మార్చిలో 60 కిలోలకి అడ్వాన్స్ పంపాను. 22 కిలోలు వచ్చాయి. బస్తా విప్పితే పైన రెండు వరసలు ఈ ఏటివి, కింద ఉన్నవన్నీ పోయినేటి ఎండు గడ్డలు, విరిస్తే బెరడు చప్పుడు తప్ప వాసనే లేదు. అడిగితే "కొండంతా కాలిపోయింది, నన్నేం చేయమంటావు" అన్నాడు. సరే, లేవంటే లేవని చెప్పొచ్చు కదా! పైన మంచివి పరిచి కింద చెత్త ఎందుకు కట్టాలి? నేను అరిచేసరికి 20 లీటర్ల డబ్బాలు మూడు పంపాడు. "మా ఇంట్లో కాచిన పాకం, నీళ్లు కలిపి పోసేయ్" అని. మీరు తాగింది అదే. మా నాన్న పోయినప్పుడు పది రోజులూ మా ఇంట్లో ఉండి వచ్చినవాళ్లకి భోజనాలు వడ్డించిన మనిషి. గడ్డల కంటే నాకు ఆ సంగతే ఎక్కువ గుచ్చుకుంటోంది. డబ్బు వెనక్కి ఇస్తానంటున్నాడు, నేను ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తను కూడా.

"ఇక్కడ నాలుగు వానలు పడ్డాయి కదన్నా, ఇంకా మంటలేంటి" అని ఒక తమ్ముడు అడిగాడు. బెంగళూరు ఉన్నది 900 మీటర్ల ఎత్తులో. 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39.2 డిగ్రీలు వస్తే పేపర్లన్నీ గగ్గోలు పెట్టాయి. గడ్డలు దొరికే కడప వైపు ఏప్రిల్‌లో అది మామూలు ఎండే, 42, 43 కూడా వస్తాయి. ఫిబ్రవరికే చెట్లు ఆకు రాల్చేస్తాయి, బోద గడ్డి నడుమెత్తున ఎండి నిలబడుతుంది. సాయంత్రాలు మబ్బు పడుతుంది, ఉరుముతుంది, విపత్తుల సంస్థ నుంచి "పిడుగులు పడే అవకాశం, చెట్ల కింద ఉండకండి" అని మెసేజ్ వస్తుంది. కానీ మొదటి గాలివానల్లో గాలే ఎక్కువ, వాన తక్కువ. పైన పడ్డ చినుకు ఆ వేడిగాలిలో నేలకి చేరకుండానే ఆవిరైపోవచ్చు. కింద ఎక్కడో రాజుకుంటున్న మంటకి మాత్రం ఆ గాలి విసనకర్ర. మంట పుట్టేది పిడుగువల్లే అనుకోకండి, మన అడవుల్లో చాలామటుకు మనుషుల పనే. ఆర్పకుండా విసిరిన బీడీ ముక్క, పశువులకి కొత్త గడ్డి రావాలని పెట్టిన నిప్పు. 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం అంటుకుంటే వైమానిక దళం హెలికాప్టర్లు తెచ్చి నీళ్లు పోయాల్సి వచ్చింది.

అసలు చెప్పాల్సింది ఇప్పుడొస్తుంది. ఆ ఆదివారం రాత్రి, వ్యాపారి దగ్గర పనిచేసే కుర్రాడిని పట్టుకుని, గడ్డలు తవ్వే పెద్దాయన నంబర్ సంపాదించాను. ఇన్నేళ్లలో ఆయనతో మాట్లాడడం అదే మొదటిసారి. ఆయనే చెప్పాడు: మంట నేల మీద పాకుతూ పోతుంది, రాతి సందులో గడ్డ చావదు, వానలకి మళ్లీ చిగురేస్తుంది. "కానీ తీగను చూసే కదా నాయనా తవ్వేది, తీగ కాలిపోయినాక గడ్డ యాడుందో ఎట్ల తెలుస్తాది" అన్నాడు. ఆ తర్వాత కాస్త ఆగి, కాలని లోయ ఒకటి ఉంది, రేపు రాత్రి ఇద్దరం పోయి రెండు రోజుల్లో వస్తాం, కిలోకి రెండింతలు ఇస్తావా అని అడిగాడు.

ఇస్తానన్నాను. రెండో ఆలోచన లేకుండా అన్నాను.

ఫోన్ పెట్టేసి గ్లాసులు కడుగుతుంటే ఒక్కొక్కటే తట్టింది. ఎర్రచందనం ఉన్న అడవిలో రాత్రిపూట గునపంతో దొరికితే, నేను షర్బత్ గడ్డ కోసం వచ్చానంటే ఎవరు నమ్ముతారు? అది పక్కన పెట్టండి. మంట కిందికి దిగేదాని కంటే పైకి చాలా వేగంగా ఎక్కుతుంది. వేడి ముందే పైకి పోయి గడ్డిని ఎండగట్టి ఉంచుతుంది. కింద అంటుకుంటే పైనున్న మనిషి పరిగెత్తాల్సింది ఎత్తులోకే. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లని మంట చుట్టుముట్టింది. 20 మందికి పైగా పోయారు. వాళ్లు కుర్రవాళ్లు. ఈయనకి అరవై దాటాయి. లెక్క వేశాను. ఈ సీజన్ పోతే అద్దె, ఇద్దరు కుర్రాళ్ల జీతం, మే నెల మొత్తం చేతి నుంచే. మా ఆవిడ "నువ్వు పొమ్మనలేదు కదా, ఆయనే పోతానన్నాడు" అంది. అదీ నిజమే. పన్నెండున్నర దాకా అదే మాట పట్టుకుని కూర్చున్నాను.

ఒంటిగంటకి ఫోన్ చేసి వద్దన్నాను. ఆయన సంతోషపడ్డాడనుకుంటున్నారా? కోప్పడ్డాడు. "మాట ఇచ్చి తప్పుతావా" అన్నాడు. ఆయనకీ వేసవిలోనే నాలుగు డబ్బులు. అడ్వాన్స్ అనుకోమని కొంత పంపాను, తీసుకున్నాడు. మళ్లీ మాట్లాడలేదు. వేరేవాళ్ల కోసం వెళ్లాడేమో.

ఇంకొకటి. తవ్వేవాళ్లు మొదలంటా లాగేయడంవల్ల ఆ తీగ ఇప్పుడు అంతరించే ప్రమాదమున్న మొక్కల్లో చేరింది. ఇందులో మన గ్లాసు వాటా కూడా ఉంది. చిత్తూరు వైపు ఒక రైతు తోటలో పెంచుతున్నాడని తెలిసి శాంపిల్ అడిగాను. ముక్క కొరికి చూస్తాను. చిమచిమలాడితేనే కొంటాను.

అందాకా నన్నారి లేదు. నిమ్మ సబ్జా, మజ్జిగ, రాగి అంబలి ఉంటాయి, పాత రేటుకే. సీసాలకి అడ్వాన్స్ ఇచ్చిన 17 మందిలో 15 మందికి డబ్బు వెనక్కి వెళ్లింది, మిగతా ఇద్దరూ నంబర్ మార్చినట్టున్నారు, కొట్టుకి రండి. ఆ మూడు రోజులు తాగినవాళ్లు ఎవరైనా వచ్చి అడగండి, ఇచ్చేస్తాను. బిల్లు అక్కర్లేదు. తాగనివాళ్లు కూడా వచ్చి అడుగుతారని మా కుర్రాడు అంటున్నాడు. అడగనీ.

పక్క వీధి కొట్టులో "నన్నారి దొరుకును" అని కొత్త బోర్డు పెట్టారు. మంచిది. మన బోర్డు మీద "అసలు రాయలసీమ నన్నారి" అని ఉంది కదా, దాని మీద కాగితం అంటించమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. అంటించను. అది మా నాన్న రాయించింది.

టీచరమ్మా, మీ ఇరవై రూపాయల చిల్లర గల్లాపెట్టెలో విడిగా పెట్టాను.