కొండమీద సున్నపు అక్షరం

ఒరేయ్ పంతులూ,

ఇంత లావు కవరు చూసి హడలిపోకు. అందరం కులాసాగానే ఉన్నాం. ఫోనులో చెప్పుకుంటే పోయేదానికి ఇన్ని కాగితాలెందుకని మా చెల్లెమ్మ నవ్వుతుందని తెలుసు. కానీ ఫోనులో నువ్వు నన్ను రెండు మాటలు కూడా చెప్పనివ్వవు. నలభై ఏళ్లు పాఠం చెప్పినవాడివి, వినడం నీకు చేతకాదు. అందుకే రాస్తున్నాను.

అమ్మాయీ అల్లుడూ మమ్మల్ని హవాయి దీవుల్లో మావీ అనే దీవికి తీసుకెళ్లారు. అయిదు రోజులున్నాం. వాళ్లు సముద్రం చూశారు, మీ వదిన షాపులు చూసింది, నేను ఒక బడి చూశాను. నవ్వకు. బడిపంతులు ఎక్కడికి వెళ్లినా బడే చూస్తాడు. లోపల పిల్లల చదువు సాగుతోంది కాబట్టి దూరంనుంచే చూశాను. దాని కథ మాత్రం ఆ అయిదు రోజులూ వదలకుండా తవ్వుకున్నాను.

దీవికి పడమటి ఒడ్డున లహైనా అని ఒక ఊరు. ఆ పేరుకు క్రూరమైన ఎండ అని అర్థం చెబుతారు. మన రెంటచింతలకు సముద్రం తెచ్చి పక్కన పెడితే ఎలా ఉంటుందో అలా అన్నమాట. ఊరి వెనక కొండవాలు మీద ఉంది బడి. పేరు లహైనాలునా. లునా అంటే పైన, పై భాగం. మన ఎగువపాలెం, దిగువపాలెం లాంటి పేరే. నాకు మాత్రం ఆ మాట వినగానే మన హెడ్మాస్టరుగారి లూనా బండి గుర్తొచ్చింది, ఏం చేయను. ఇంకో సంగతి విను. హవాయి భాషలో ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. మనలాగే అజంత భాష! 1826లో మిషనరీలు దానికి రోమన్ లిపిలో పన్నెండు అక్షరాలు ఖాయం చేశారు, అయిదు అచ్చులు, ఏడు హల్లులు. మనం ఒక్క గుణింతానికే పిల్లల్ని ఏడిపించాం, అక్కడ పన్నెండుతో సరి. ఒకటో తరగతి పంతులుకు స్వర్గం.

బడి పెట్టింది 1831 సెప్టెంబరులో. రాకీ పర్వతాలకు పడమట అమెరికాలో ఇంతకన్నా పాత బడి లేదని చెప్పుకుంటారు. మొదలుపెట్టినప్పుడు అది అమెరికా కానే కాదులే. హవాయి స్వతంత్ర రాజ్యం, లహైనా రాజుగారి ఊరు. మిషనరీ లోరిన్ ఆండ్రూస్ మొదటి ప్రిన్సిపాల్. మొదటి జట్టులో పాతికమంది చేరారు. పిల్లలనుకునేవు, కాదు. పెళ్లిళ్లయి సంసారాలున్న మగవాళ్లు. ఉపాధ్యాయుల్ని తయారుచేయడానికి పెట్టిన బడి కాబట్టి పెద్దవాళ్లనే తీసుకున్నారు. చదువుకోవడానికి వచ్చినవాళ్లే కొట్టాలు కట్టుకున్నారు, తిండి పండించుకున్నారు. వాళ్లలో డేవిడ్ మాలో అనే ఆయన ముప్పై అయిదు దాటాక ఈ బడిలో చేరాడు. తరువాత ఆ రాజ్యంలో బడులన్నిటికీ పై అధికారి అయ్యాడు. తన జాతి ఆచారాలనూ పాత కథలనూ తన భాషలోనే పుస్తకంగా రాసి పెట్టాడు. మన రాత్రిబడిలో కునికిపాట్లు పడే వెంకయ్య తాతను ఎంత విసుక్కున్నామో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

అసలు నీకు చెప్పాలనుకున్నది అచ్చుయంత్రం సంగతి. పాఠం చెప్పాలంటే పుస్తకాలు కావాలి, హవాయి భాషలో పుస్తకాలెక్కడివి? బడివాళ్లే ఒక యంత్రం తెప్పించుకుని అచ్చు వేయడం మొదలుపెట్టారు. 1834 ఫిబ్రవరి 14న అక్కడినుంచి ఒక పత్రిక వెలువడింది. హవాయి దీవుల్లో మొట్టమొదటి వార్తాపత్రిక అదే, హవాయి భాషలో. పేరు కా లామా హవాయి, అంటే హవాయి దీపం. దీవుల జనం కలలో కూడా చూడని జంతువుల బొమ్మలు చెక్కి మరీ వేశారు అందులో. 1837లో యంత్రానికి రాయీ పగడపు దిమ్మెలూ పేర్చి చిన్న ఇల్లు కట్టారు. హాలే పాయి అంటారు, అంటే అచ్చు వేసే ఇల్లు. ఇప్పటికీ బడి ఆవరణలోనే ఉంది, మ్యూజియంగా మార్చారు.

అక్కడితో ఆగలేదు. ఓడల అడుగులకు తాపడం చేసే రాగిరేకులు సంపాదించి, వాటిమీద పటాలు చెక్కడం కుర్రాళ్లకు నేర్పారు. దేశాల పటాలు, ఇళ్ల బొమ్మలు, బడి బొమ్మ. చేయి తిరిగాక ఏం జరుగుతుందో పంతుళ్లమైన మనకు తెలియదా? 1840లలో చిల్లరకు కటకటగా ఉండి, పనివాళ్లకు ఇవ్వడానికి బడే చిన్న చిన్న కాగితం నోట్లు అచ్చువేసింది. కొన్నాళ్లకే కొందరు విద్యార్థులు వాటికి దొంగనోట్లు తయారుచేశారు! దొరికిపోయారు, బడినుంచి వెళ్లగొట్టారు. అది చదివి పగలబడి నవ్వాను. హాజరుపట్టీలో నా సంతకం నాకన్నా బాగా పెట్టిన కుర్రాడు ఒకడుండేవాడని నీకు చెప్పాను కదా. వాడికి రాగిరేకు దొరకలేదు, అంతే తేడా.

మాలో దగ్గరికి మళ్లీ వస్తాను. ఆయన 1853లో పోయాడు. పరాయివాళ్లు అలల్లా వచ్చిపడుతున్నారని, చిన్న చేపల్ని పెద్ద చేపలు మింగినట్టు తనవాళ్లను మింగేస్తారని బతికుండగానే రాశాడు. అందుకే తన సమాధి ఊళ్లో వద్దు, వాళ్ల వెల్లువ అందనంత ఎత్తున పెట్టమన్నాడట. బడి వెనక కొండమీద పెట్టారు. ఆ కొండవాలు మీదే ఇప్పుడు ఇంగ్లీషు ఎల్ అక్షరం ఒకటి ఉంది. ఊళ్లోకి వచ్చే దారిలో ఎక్కడ నిలబడి తలెత్తినా ఎర్రమట్టి మీద తెల్లగా కనబడుతుంది.

దాన్ని తెల్లగా ఉంచేది హాస్టలు పిల్లలే. మేము దిగిన చోట తోటపని చూసే పెద్దాయన ఆ హాస్టల్లో చదివినవాడే. బడి పేరెత్తగానే గొట్టం కట్టేసి వచ్చి కూర్చున్నాడు. ఏటా మాలో పేర ఒక పండుగ జరుపుతారు. అప్పుడు, మళ్లీ చదువు ముగించి వెళ్లేవాళ్ల వీడ్కోలు వేళ, సున్నం సంచులు భుజాన వేసుకుని కొండెక్కాలి. "సంచి బరువు కాదండీ, చెమట" అన్నాడు. చెమట పట్టిన మెడమీద సున్నం పడితే ఎలా మండుతుందో ఆయన చెబుతుంటే నా మెడ నేను తడుముకున్నాను. సంక్రాంతికి ముందు మన హాస్టలు గోడలకు వెల్ల వేయించారు, గుర్తుందా? నీ వేళ్లు పొక్కి వారం రోజులు అన్నం నేనే కలిపి పెట్టాను. ఆ ముక్క నా కొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. లోపలికెళ్లి రెండు మామిడిపళ్లు తెచ్చి చేతిలో పెట్టాడు. వీడ్కోలు రాత్రి ఆ అక్షరం చుట్టూ దీపాలు వెలిగిస్తారట. కిందినుంచి చూస్తే కొండ లేదు, అక్షరమే గాలిలో ఉన్నట్టుంటుందన్నాడు.

1849లో మిషనరీలు బడిని ప్రభుత్వానికి అప్పగించారు. అప్పటినుంచీ సర్కారు బడే. 1923లో అందరికీ ప్రవేశమున్న ఉన్నత పాఠశాల అయింది. చుట్టూ చెరకు తోటలు. చైనా, జపాన్, ఫిలిప్పీన్స్‌లనుంచి వచ్చిన కూలీల పిల్లలు అందులో చదివారు. ఇక్కడొక చమత్కారం ఉంది. చెరకు తోటలో కూలీలమీద గుర్రమెక్కి పెత్తనం చేసే మేస్త్రీని కూడా లునా అనే అనేవారు. బడి ఆటల జట్టు పేరు కూడా లునాలే. కూలివాడి కొడుకు మైదానంలో దిగితే అతనే లునా. ఎవరు పెట్టారో గానీ నాకు భలే నచ్చింది.

సర్కారు బడిలో హాస్టలు అమెరికాలో అరుదట. మిగతా దీవులనుంచి వచ్చి ఉండే పిల్లలు పొద్దున్నే లేచి పొలంలోనో, వంటశాలలోనో, ఆవరణలోనో పనిచేసి అప్పుడు తరగతికి వెళతారు. ఆడపిల్లలకు హాస్టలు 1980లో వచ్చింది. పని చేయించడం మంచిదేనా అని నువ్వు వాదనకు దిగుతావు, తెలుసు. మనం కలుపు తీస్తూ ఎంత తిట్టుకున్నామో నేనూ మరచిపోలేదు. కానీ ఆ పెద్దాయన ముఖంలో తిట్టు కనబడలేదు, నేను చూశాను.

భాష సంగతి మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. చదువంతా సొంత భాషలో మొదలైన బడి అది. 1893లో హవాయి రాణిని గద్దె దింపారు, 1896లో బడుల్లో బోధన ఇంగ్లీషులోనే సాగాలని చట్టం చేశారు. రెండు మూడు తరాలు పోయేసరికి మనవలకు తాతల మాట రాకుండా పోయింది. హవాయి మాధ్యమంలో తరగతులు తిరిగి మొదలవడానికి 1980లు రావలసివచ్చింది. ఇప్పుడు లహైనాలునాలో కూడా ఆ తరగతులున్నాయి. ఆ అచ్చు వేసే ఇంటికి నాలుగడుగుల దూరంలో, పోయిన భాషను పిల్లలు మళ్లీ కూడబలుక్కుంటున్నారు. మన ఊరి బడిలో తెలుగు మాధ్యమం చివరి తరగతికి పాఠం చెప్పింది నువ్వే కదరా. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇక అగ్గి సంగతి. ఈ బడికి ఒక పాత సూక్తి ఉంది: కవావులా గాలికి ఆరని దీపం ఇది అని. కవావులా అంటే వెనక లోయలోంచి ఊరిమీద విరుచుకుపడే గాలి. ఊళ్లో పాత చర్చి కప్పును 1858లో లేపేసింది అదే. 2023 ఆగస్టు 8న కొండలమీదినుంచి మళ్లీ పెనుగాలి దిగింది. ఆ పొద్దున బడికి వెళ్లే దారి పక్కనే నిప్పు రాజుకుంది. ఆర్పేశామనుకున్నారు. మధ్యాహ్నం మళ్లీ లేచి ఊరంతా కమ్మేసి సముద్రం దాకా వెళ్లింది. 102 మంది పోయారు. రెండువేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. ఒడ్డున ఉన్న ప్రాథమిక పాఠశాల మళ్లీ పనికిరాకుండా పోయింది. పైన లహైనాలునా మాత్రం నిలిచింది.

నిలిచిందని పిల్లలు వెంటనే వెళ్లలేకపోయారు. గాలీ నీరూ మట్టీ పరీక్ష చేసేదాకా కీహే అనే ఊళ్లో కొత్తగా కట్టిన వేరే బడిలో కూర్చోబెట్టారు. అక్టోబరు 16న తిరిగి తమ బడికి వచ్చారు. ఆ రోజు హాజరు పిలిచిన పంతుళ్ల గొంతు ఎలా పలికిందోనని ఎన్నిసార్లు అనుకున్నానో. హాజరు పిలవడమంటే ఏమిటో నీకు నేను చెప్పాలా?

ఊళ్లో ఒక మర్రిచెట్టు ఉంది. 1873లో మన దేశంనుంచి వెళ్లిన మొక్క, నాటినప్పుడు ఎనిమిదడుగులు. అదీ కాలింది, మళ్లీ చిగిర్చింది. మీ వదిన ఆగి దండం పెట్టుకుంది. పక్కనున్న తెల్లామె ఏమిటని అడిగితే, మా ఊరిదేనని చెప్పింది. నిజమే కదా మరి.

సరే, ఇప్పుడు నీకు పని. పదో తరగతిలో మనం తీసిన లిఖిత పత్రిక నీ ట్రంకుపెట్టెలోనే ఉందని పోయినేడు అన్నావు. నీ బొమ్మలు, నా దస్తూరి, వెనక అట్టమీద సిరా ఒలికిన మరక. చెదలు పట్టాయో లేదో చూడు. పట్టకపోతే ఒక్కొక్క పుట ఫోటో తీసి అబ్బాయిచేత నాకు పంపించు. ఆ పెద్దాయన మన పత్రిక చూడాలన్నాడు. తెలుగు రాదుగా అంటే, అక్షరాలు చూస్తానన్నాడు.

చెల్లెమ్మకు నమస్కారాలు. ఆవకాయ పెట్టేనాటికి వచ్చేస్తాం.

నీ
లెక్కల పంతులు