రెండు పంక్తుల సి.ఆర్.రావు

సంపాదకులకు,

నమస్కారం. డిసెంబరు 31న మీరు వేసిన 'ఈ ఏడాది మనకు దూరమైనవారు' పేజీ చూశాను. లెక్కల మాస్టారిగా చేసి రిటైరైనవాణ్ని, దేన్నయినా కొలవకుండా ఉండలేను. స్కేలు పెట్టి కొలిస్తే సినిమావాళ్ళకు ముప్పాతిక పేజీ తేలింది. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారికి రెండు పంక్తులు, ఫొటో లేదు.

సినిమావాళ్ళకు ఎక్కువ ఇచ్చారని కాదు నా బాధ. 2023 వాళ్ళలో చాలామందినే తీసుకుపోయింది. జనవరి 27న జమున పోయారు. ఫిబ్రవరి 2న, సరిగ్గా 'శంకరాభరణం' విడుదలై 43 ఏళ్ళు నిండిన రోజున, కె.విశ్వనాథ్. రెండు రోజులు తిరగకుండా వాణీ జయరామ్. ఆమెకు వచ్చిన మూడు జాతీయ పురస్కారాల్లో రెండు విశ్వనాథ్ సినిమాల్లో పాడినందుకే. ఆమెకు పద్మభూషణ్ ప్రకటించి అప్పటికి పట్టుమని పదిహేను రోజులు కూడా కాలేదు, అందుకోకుండానే వెళ్ళిపోయారు. వీళ్ళిద్దరినీ మీరు పేజీకి ఆ మూల ఒకరిని, ఈ మూల ఒకరిని వేశారు. పక్కపక్కన వేసి ఈ ఒక్క ముక్క రాయడానికి ఎంత చోటు పడుతుంది?

మే 22 సంగతి మరీ అన్యాయం. ఆ ఒక్కరోజే ఆమదాలవలసలో పుట్టిన శరత్ బాబు హైదరాబాదులో, కడప జిల్లావారు కేతు విశ్వనాథరెడ్డి ఒంగోలులో కన్నుమూశారు. మొదటివారు మీ పేజీలో ఉన్నారు. రెండోవారు అసలే లేరు. కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద పరిశోధన చేసినవారు, కొడవటిగంటి కుటుంబరావు సాహిత్యాన్ని సంపుటాలుగా కూర్చినవారు, తన కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నవారు. ఆయన కోసం బెంగాలీ పత్రికలు పేజీలు కేటాయించవు కదా!

గద్దర్‌కు మీరిచ్చిన చోటు న్యాయమే. ఆగస్టు 7న ఆయన అంతిమయాత్ర జనసందోహంలోనే 'సియాసత్' ఉర్దూ పత్రిక మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్ ప్రాణం పోయింది. మీ వృత్తివారే. ఆ పేరూ లేదు.

ఇక రావు గారు. ఆగస్టు 22న అమెరికాలో పోయారు, 103వ పుట్టినరోజుకు 19 రోజుల ముందు. మరునాడే చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. ఆ సంబరంలో అప్పుడు చోటు లేకపోయిందంటే ఒప్పుకుంటాను. కానీ డిసెంబరుదాకా నాలుగు నెలలు ఉంది. పాతికేళ్ళ వయసులో, 1945లో, కలకత్తాలో ఉండగా ఆయన రాసిన పరిశోధనా పత్రం ఇప్పటికీ ప్రపంచమంతా పాఠం. చేతిలో ఉన్న కొద్ది లెక్కల నుంచి అసలు విలువను పక్షపాతం లేకుండా అంచనా కట్టాలంటే, ఎంత తెలివిగా కట్టినా పొరపాటు ఒక హద్దు కంటే తగ్గదు. ఆ హద్దు ఎంతో చెప్పింది ఆయన. ఈ ఏడాదే అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి కూడా వచ్చింది. మా మనవరాలు ఇంజనీరింగు చదువుతోంది. ఆమె పుస్తకంలో ఆ హద్దు పేరు 'క్రామెర్-రావ్' అని ఉంది. ఆ రావు మనవాడేనని, చిన్నప్పుడు మా నూజివీడులో కూడా చదువుకున్నాడని చెబితే నమ్మలేదు. మీ పేజీ చూపిద్దామనుకున్నాను. ఆ రెండు పంక్తులు చూపించి ఏం నమ్మించను?

ఇంకొక్క మాట. ఈ పేజీ డిసెంబరు నడుమనే కట్టేస్తారనుకుంటాను. కైకాల సత్యనారాయణ 2022 డిసెంబరు 23న పోయారు. ఆ ఏడాది పేజీలోనూ లేరు, ఈ ఏడాది పేజీలోనూ లేరు. జనవరి మొదటి ఆదివారం వేస్తే ఎవరికీ నష్టం లేదు.

ఎవరు ఎప్పుడు పోయారో పేపరు ముక్కలు కత్తిరించి నోటుపుస్తకంలో అంటించే అలవాటు నాకుంది. వచ్చే ఏడాదికి కావాలంటే పంపిస్తాను. పని అయ్యాక తిరిగి పంపాలి, పోస్టు ఖర్చులు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
నూజివీడు