మునిగే బడిలో సహాయ శిబిరమా?

చెన్నై శివారులో అడయారు నది పక్కనున్న మా పంచాయతీలో వరద సన్నద్ధత కాగితం దాటి రావడం లేదు. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 మిచాంగ్ తుపానులోనూ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అయినా సహాయ శిబిరంగా ఇప్పటికీ పల్లంలోని బడినే చూపిస్తున్నారు. వాన పడితే ముందు మునిగేది అదే! దాని తాళం ఎవరి దగ్గరుంటుందో వీధిలో ఎవరినడిగినా చెప్పలేరు. హెచ్చరికలన్నీ తమిళంలోనే, శ్రీకాకుళం నుంచి కట్టడం పనులకు వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్న కూలీలకు అవి చేరినా అర్థం కావు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు రాకముందే మెరకనున్న కల్యాణ మండపాన్ని శిబిరంగా ఖరారు చేసి, పడవలు, జనరేటరు సిద్ధంగా ఉంచాలి. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077ను, శిబిరానికి దారిని షెడ్ల దగ్గర తెలుగులోనూ రాయించాలి.

— ఒక పాఠకుడు, చెన్నై