మా దగ్గర లినక్స్ వేయించుకున్నవాళ్ళకు, వేయించుకుందామనుకుంటున్నవాళ్ళకు

నమస్తే అండి. అమలాపురంలో మా కంప్యూటర్ షాపుకు వచ్చేవాళ్ళందరికీ ఈ నాలుగు మాటలు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి పిల్లలు దిగిన దగ్గర్నుంచి నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. "మా నాన్నగారి కంప్యూటర్‌లో విండోస్ తీసేసి ఇంకేదో వేశారంట, ఏంటండీ అది?" అని. ఒకరిద్దరు గట్టిగానే అడిగారు. అడగాల్సిందే. అందుకే ఏదీ దాచకుండా రాస్తున్నాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు 8వ జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది. మా షాపుకు వచ్చే సిస్టమ్స్‌లో ఎక్కువ భాగం అంతకంటే పాతవి. శుభ్రంగా నడుస్తున్నదాన్ని పక్కన పడేసి కొత్తది కొనండి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే లినక్స్ అని ఒకటుంది, అందులో మింట్ అనే రకం వేయడం మొదలుపెట్టాను. ఇప్పటికి 40 దాటాయి. అందులో 11 వెనక్కి వచ్చాయి.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. అంతకుముందు ఏళ్ళ తరబడి నేను 300 తీసుకుని వేసిన విండోస్‌లో చాలావాటికి లైసెన్స్ లేదు. మీకూ తెలుసు, నాకూ తెలుసు, ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. లైసెన్స్ లేకుండా నడిపించే ఆ క్రాక్ ఫైలు వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలి. ఆపాక దాంతోపాటు లోపలికి ఏం దూరిందో వేసిన నాకే తెలీదు. ఆ పని మానేశాను. ఇక ఎంత తెలిసినవాళ్ళు అడిగినా వేయను, ఏమీ అనుకోకండి.

సరే, ఎవరికి బాగుంది?

అంబాజీపేట దగ్గర ఒక రిటైర్డ్ మాష్టారు ఉన్నారు. మూడో జనరేషన్ ఐ3 లాప్‌టాప్, 4 జీబీ రామ్. ఆన్ చేసి కాఫీ తాగి వచ్చినా తెర తిరుగుతూనే ఉండేదట. పాత హార్డ్ డిస్క్ తీసి, దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెట్టి, మింట్‌లో తేలిక రకం ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాను. ఆయన పనులు మూడే: పేపర్ చదవడం, మస్కట్‌లో ఉన్న అబ్బాయితో వీడియో కాల్, తెలుగులో ఉత్తరాలు టైప్ చేయడం. తెలుగు కీబోర్డ్ అందులోనే ఉంది, సెట్టింగ్స్‌లో కలిపితే చాలు, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు అక్షరాల అమరిక వస్తుంది. వారం తర్వాత ఫోన్ చేస్తే ఆయన అన్నది ఒక్కటే: "ఆయ్, బానే ఉందండి, ఆ పేకాట ఎక్కడ పెట్టారు?" మొన్న కనుమనాడు ఎదురుపడినప్పుడు కూడా లినక్స్ మహిమ అంటూ పదిమందిలో మెచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ మెప్పులో సగం ఎస్‌ఎస్‌డీకి దక్కాలి. నేను అప్పుడు నోరు విప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఇక చెడిపోయిన కథ. మన చుట్టుపక్కలే ఒక శుభలేఖల షాపు. కార్తీకమాసం ముహూర్తాల రద్దీ. సిస్టమ్ నెమ్మదించిందని నా దగ్గరికి తెచ్చారు, నేను ఊపు మీద ఉన్నాను, ఏం పనిచేస్తారని సరిగ్గా అడగకుండా మింట్ వేసి పంపేశాను. రాత్రి తొమ్మిదింటికి ఆయన మళ్ళీ వచ్చారు. వధూవరుల పేర్లు ఉండాల్సిన చోట చుక్కలు, టోపీలు, అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు. తెలుగు డీటీపీ సంగతి తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. వాళ్ళ పని అంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంట్లతో. ఆ ఫాంట్లు ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా ఒకేలా కనబడే యూనికోడ్ తెలుగు కావు, ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కల్ని కూర్చి చేసినవి. ఆ ఫాంట్, దాని మేనేజర్ లేకపోతే 'వివాహ మహోత్సవం' అన్న మాట కూడా చెత్తలాగే కనబడుతుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. పాతికేళ్ళ నాటి ఆ సాఫ్ట్‌వేర్ మీదే మన దగ్గర ఎన్ని పెళ్ళిళ్ళు నడుస్తున్నాయో! ఆ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని, ఆయన లైసెన్స్ విండోస్ మళ్ళీ వేసి ఇచ్చాను. డబ్బు తీసుకోలేదు. తప్పు నాది.

టాలీలో లెక్కలు రాసే మిల్లులవాళ్ళు, రొయ్యల మేత డీలర్లు, వేలిముద్ర మిషన్ పెట్టుకున్న సెంటర్లవాళ్ళు, మీరు విండోస్‌లోనే ఉండండి. వాలరెంట్ గేమ్ ఆడే పిల్లలున్న ఇళ్ళవాళ్ళు కూడా.

వెనక్కి వచ్చిన 11లో ఎక్కువ వాటికి కారణం ప్రింటర్. కొన్ని ప్రింటర్లు వైరు గుచ్చగానే పనిచేస్తాయి, నేనే ఆశ్చర్యపోయాను. కానీ ప్రతి జిరాక్స్ షాపులో కనబడే ఒక చిన్న లేజర్ ప్రింటర్ ఉంది చూడండి, అది నన్ను రెండు ఆదివారాలు తినేసింది. ఒకసారి ప్రింట్ తీస్తుంది, రెండోసారి మూగనోము పడుతుంది.

అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటాక మనకు కరెంటు వస్తూ పోతూ ఉంది కదా. ఆ వారంలో అల్లవరం వైపు నుంచి ఒక ఫోన్. బ్యాటరీ చచ్చిన లాప్‌టాప్, మధ్యలో కరెంటు పోయింది, మళ్ళీ ఆన్ చేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. ఇంట్లో ఉన్నది తొమ్మిదో తరగతి చదివే పాప ఒక్కతే. డిస్క్‌ని సరిచేసే కమాండ్ ఒకటుంది, దాన్ని ఫోన్‌లో ఒక్కో అక్షరం చెప్పాను.

"ఎఫ్, ఎస్, సి, కె. ఒక గ్యాప్ ఇవ్వమ్మా. తర్వాత స్లాష్."

"ఏ గీత అంకుల్? ఇటు వాలిందా, అటు వాలిందా?"

పావుగంట పట్టింది. తెర వెలిగింది. పాప "హమ్మయ్య" అంది, నేను పైకి అనలేదు కానీ నాదీ అదే పరిస్థితి. కరెంటు అలా పోతే విండోస్ కూడా పాడవుతుంది, అది వేరే సంగతి. కానీ విండోస్ పాడైతే ఆ ఊళ్ళోనే బాగుచేసే కుర్రాడు ఒకడుంటాడు. లినక్స్ పాడైతే నేనే ఉన్నాను. నేను పెళ్ళికో తీర్థానికో వెళ్తే మీకు టెన్షన్. ఈ మూడు నెలల్లో నాకు బాగా తెలిసొచ్చింది ఇదే.

షాపులో నేను ఇంకో మాట చెప్పేవాణ్ణి: "మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లినక్సేనండి, 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే స్టూడెంట్ మొదలుపెట్టాడు, ఇవాళ మీరు రోజూ వాడుతున్నారు" అని. మాట అబద్ధం కాదు. కానీ ఫోన్‌లో అన్నీ కంపెనీవాళ్ళే అమర్చి ఇస్తారు, మీరు పెట్టె విప్పి వాడుకుంటారు. పదేళ్ళ నాటి లాప్‌టాప్‌లో ఆ అమర్చే పని నేను చేయాలి. ఆ తేడా చెప్పకుండా అమ్మాను. ఇక ఆ డైలాగ్ వాడను.

"ఫ్రీ అంటున్నారు, మళ్ళీ 500 ఎందుకండీ?" అని చాలామంది అడిగారు. కాయలు మీ చెట్టువే అయినా దింపు కూలి ఇస్తారు కదండీ, ఇదీ అంతే. మింట్‌కి డబ్బు లేదు, లైసెన్స్ గొడవ లేదు, ఇప్పుడు వేస్తున్న మింట్ 22 వెర్షన్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఆ 500 నా కూర్చున్న టైముకి.

ఇంకో దారి ఉన్న సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. మీది లైసెన్స్ ఉన్న విండోస్ 10 అయితే, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. తొందర లేదనుకునేవాళ్ళు అప్పటిదాకా ఆగొచ్చు. ఆ నమోదు నేను ఊరికే చేసి పెడతాను. రామ్, ఎస్‌ఎస్‌డీ రేట్లు ఈ చలికాలం బాగా పెరిగాయి కాబట్టి, ఈలోగా వాటి సంగతి కూడా చూసుకోవచ్చు.

ఇప్పటికే లినక్స్ వేయించుకుని ఇబ్బంది పడుతున్నవాళ్ళు ఉగాదిలోపు తీసుకురండి. విండోస్ 8 గానీ తర్వాతది గానీ కంపెనీ నుంచే వచ్చిన లాప్‌టాప్ అయితే దాని కీ సాధారణంగా లోపలే ఉంటుంది, అదే మళ్ళీ వేసి ఇస్తాను, పైసా వద్దు. కొత్తగా అడిగేవాళ్ళకు మాత్రం ఇకపై వెంటనే వేయను. ముందు పెన్‌డ్రైవ్‌లోంచి మింట్ నడిపి చూపిస్తాను, మీ డిస్క్‌లో ఏమీ మారదు. అరగంట షాపులోనే కూర్చుని మీరు రోజూ చేసే పనులు చేసి చూడండి. నచ్చితేనే వేద్దాం. మా కుర్రాడికి కూడా నేర్పుతున్నాను, ఇంకో నెలలో నేను లేకపోయినా ఫోన్ వాడు ఎత్తుతాడు.

మంగళవారం షాపు సెలవు. వచ్చేటప్పుడు ఛార్జర్ మర్చిపోకండి. ప్రింటర్ ఉంటే అది కూడా ఆటోలో వేసుకు రండి.