పౌచ్ తీయించుకున్నాను: తోడు నిలిచినవాళ్ళందరికీ

ఆపరేషన్ అయి ఇంటికి వచ్చేశాను. ఇంకా ఎక్కువసేపు కూర్చోలేను, పక్కకి ఒత్తిగిలి పడుకుని టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఫోన్ చేసినవాళ్ళలో కొందరికి విషయం సగమే తెలుసు. అందుకని ముందు కాస్త వెనక్కి వెళ్తాను.

నాకు అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపల వాచి పుళ్ళు పడే జబ్బు. 2013లో పరిస్థితి విషమించి పెద్దపేగు తీసేశారు. తర్వాత చిన్నపేగు చివరి భాగాన్ని మడిచి కుట్టి, లోపలే సంచిలా చేసి, కింద మలద్వారానికి కలిపారు. దాన్నే జె పౌచ్ అంటారు. 1978లో లండన్ సెయింట్ మార్క్స్ హాస్పిటల్ సర్జన్లు పార్క్స్, నికోల్స్ ఇలాంటి పౌచ్ గురించి మొదట రాశారు, 1980లో జపాన్ సర్జన్ ఉట్సునోమియా దానికి జె ఆకారం తెచ్చారు. ఇంత దూరం వెళ్ళి వాళ్ళకీ థాంక్స్ చెప్పడమెందుకంటే, ఆ పౌచ్‌తో నేను చాలా ఏళ్ళు బాగానే బతికాను. బ్యాంకులో ఉద్యోగం చేశాను, పాపని పెంచుకున్నాను, పెళ్ళిళ్ళకి వెళ్ళి పంక్తిలో కూర్చుని తిన్నాను. కొత్తగా పౌచ్ చేయించుకోబోయేవాళ్ళు నా కథ చదివి బెదిరిపోకండి. ఎక్కువమందికి అది నిలుస్తుంది.

నాకు నిలవలేదు. మొదట పౌచ్‌లో వాపు. సిప్రోఫ్లాక్ససిన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్స్ వాడితే తగ్గేది, ఆపితే మళ్ళీ మొదలు. ఆ తర్వాత పౌచ్ నుంచి జననాంగంలోకి దారి పడింది, ఫిస్టులా. ఇది నలుగురిలో రాయాలా అని తటపటాయించాను. రాస్తున్నాను, ఎందుకంటే ఆడవాళ్ళు ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేక తెల్లబట్ట అనో, యూరిన్ ఇన్ఫెక్షన్ అనో సరిపెట్టుకుంటూ ఉండిపోతారు. గాలి, మోషన్ ఆ దారిలో వస్తుంటే వెంటనే డాక్టర్‌కి చెప్పండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నాకు చీము నిలవకుండా బయటికి పోవడానికి ఆ దారిలో సీటన్ అనే దారం వేశారు, కుట్టి చూశారు, కుట్లు నిలవలేదు. మళ్ళీ బయాప్సీలు తీసి, ఇది క్రోన్స్ అన్నారు, అంటే పేగుల్లో ఎక్కడైనా రాగల వాపు జబ్బు. దానికి ఇచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్ మందు కూడా అయింది. రాత్రిళ్ళు నిద్ర లేదు, పగలు బాత్రూమ్ పక్కన ఉన్న సీటు కోసం బతిమాలుకోవడం.

మా హైదరాబాద్ సర్జన్ గారికి మొదటి నమస్కారం. ఓపీలో ఆఖరి పేషెంట్‌గా రమ్మని, తొందరపడకుండా కూర్చోబెట్టి, ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక బొమ్మ గీసి చెప్పారు. పౌచ్ విప్పి మళ్ళీ కట్టడం ఒక దారి, కానీ క్రోన్స్ ఉన్నవాళ్ళకి అది నిలుస్తుందన్న నమ్మకం తక్కువ. రెండోది, పొట్ట మీద స్టోమా పెట్టి, అంటే చిన్నపేగుని పొట్ట మీదకి తెచ్చి మోషన్ బ్యాగ్‌లోకి వచ్చేలా చేసి, పౌచ్‌ని లోపలే వదిలేయడం. ఆపరేషన్ చిన్నది, త్వరగా కోలుకుంటారు. కానీ పౌచ్ లోపల ఉన్నన్నాళ్ళూ జిగురు కారొచ్చు, ఫిస్టులా మానకపోవచ్చు, మధ్యమధ్య స్కోప్ చేసి చూసుకుంటూ ఉండాలి. మూడోది మొత్తం తీసేయడం. గంటల తరబడి ఆపరేషన్, ముప్ఫై నలభై సెంటీమీటర్ల చిన్నపేగు పోతుంది, కింద గాయం మానడానికి నెలలు పట్టొచ్చు, ఇక వెనక్కి తిరగడం ఉండదు. మూత్రాశయానికి, దాంపత్యానికి సంబంధించిన నరాలు ఆ పక్కనే ఉంటాయని మా ఆయన్ని కూడా కూర్చోబెట్టి, నీళ్ళు నమలకుండా చెప్పారు. ఎంతమంది డాక్టర్లు ఆ మాట ఎత్తుతారు?

"ముందు స్టోమా పెట్టి కొన్నాళ్ళు చూద్దాం అమ్మా, తీయాలో వద్దో నీ ఒళ్ళే చెప్తుంది" అన్నారు. ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్ళి అభిప్రాయం తీసుకోమని తనే లెటర్ రాసి, ఎమ్మారై సీడీ చేతికిచ్చి పంపారు. ఆ రెండో ఆయన కూడా, వదిలేసినా తప్పు కాదు, తీసినా తప్పు కాదు, నీకు ఏది ఎక్కువ బాధ పెడుతోందో చూసుకో అన్నారు. అప్పుడు కోపం వచ్చింది, డాక్టరై ఉండి ఇదేం సమాధానం అని. ఇప్పుడు ఆయనకీ దండం.

స్టోమా సిస్టర్, అంటే స్టోమా, బ్యాగ్ సంగతులు చూసే నర్సు గురించి ఎంత రాసినా తక్కువే. 2013లో నాకు తాత్కాలికంగా పెట్టిన బ్యాగ్ పొట్ట మడతలో పడింది. అది ఎమర్జెన్సీ, అప్పుడు ఎవరూ ముందుగా చోటు చూసి గుర్తు పెట్టలేదు. ఎప్పుడూ లీకులే, చర్మం ఒలిచినట్టు అయిపోయేది. నా భయమంతా అదే. ఈసారి సిస్టర్ నన్ను నిలబెట్టి, కూర్చోబెట్టి, వంగమని, చీర కట్టుకుని రమ్మని, కుచ్చిళ్ళు దోపే చోటు ఎక్కడ పడుతుందో వేలితో తడిమి చూసి, దానికి కిందగా, మడత తగలని చోట పెన్నుతో గుర్తు పెట్టారు. నాకు కనపడుతోందా అని కూడా అడిగారు. కనపడని చోట ఉంటే బ్యాగ్ మార్చుకోవడం కష్టం కదా. స్టోమా సరిగ్గా ఆ గుర్తు మీదే వచ్చింది. లీకు లేదు. ఆ నెలల్లో బరువు పెరిగాను, రాత్రంతా నిద్రపోయాను. పైన అంత బాగున్నా కింద మాత్రం పౌచ్ కారుతూనే ఉంది, ప్యాడ్ లేకుండా ఒక్క రోజూ గడవలేదు. తీసేస్తే బ్యాగ్ జీవితాంతం. అక్కడే ఆగిపోయాను.

అప్పుడు సిస్టరే రాజమండ్రి పిన్నిగారిని కలిపారు. పేరు రాయొద్దన్నారు, అందుకే పిన్నిగారు అంటున్నాను. ఎన్నో ఏళ్ళుగా స్టోమాతో ఉన్నావిడ. హైదరాబాద్‌లో కూతురి ఇంటికి వచ్చినప్పుడు నన్ను భోజనానికి పిలిచారు. పప్పు, వంకాయ కూర, గడ్డ పెరుగు. తిన్నాక ఎదురుగా నిలబడి, "బ్యాగ్ ఏ పక్క ఉందో చెప్పు చూద్దాం" అన్నారు. తప్పు చెప్పాను. నవ్వి, గదిలోకి తీసుకెళ్ళి చూపించారు, నా ముందే ఖాళీ చేసి, క్లిప్పు పెట్టి, చీర సర్దుకున్నారు. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడ అన్నీ తీపి కబుర్లే చెప్పలేదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒకసారి బ్యాగ్ ఊడి ఏడ్చిన రాత్రి గురించి చెప్పారు. ఎండాకాలం నీళ్ళొక్కటే తాగితే చాలదని, ఓఆర్ఎస్, ఉప్పేసిన మజ్జిగ పక్కనే ఉండాలని, పచ్చికొబ్బరి, మొక్కజొన్న బాగా నమలకపోతే పేగు అడ్డుపడుతుందని చెప్పారు. అరటిపండు, సగ్గుబియ్యం తింటే మోషన్ చిక్కబడుతుందని కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇంటికి వస్తూ కారులోనే మా ఆయనతో అన్నాను, తీయించేసుకుంటానని. ఆయన "సరే, లీవ్ పెడతాను" అన్నారు. అంతకు ముందు ఎన్నిసార్లు అడిగినా తన అభిప్రాయం చెప్పలేదు. ఒళ్ళు నీది, నువ్వు తేల్చుకున్నాక నేనున్నాను అనేవారు. విసుక్కున్నాను అప్పట్లో.

మా అత్తగారికి బ్యాగ్ అంటే మొదట్లో మడి, మైల గొడవ. దేవుడి గదిలోకి వెళ్ళొచ్చా అని నేనే అడిగితే, కాసేపు ఆలోచించి, "పొట్టలో ఉన్నప్పుడు వెళ్ళలేదా? పైన ఉంటే ఏమైంది" అన్నారు. ఇక ఆ ప్రస్తావన మళ్ళీ రాలేదు.

రక్తం ఇచ్చిన బ్రాంచ్ కుర్రాళ్ళకి, నా కౌంటర్ పని పంచుకున్న కొలీగ్స్‌కి, పాపని స్కూల్ నుంచి తెచ్చి హోంవర్క్ చేయించిన పక్కింటి అక్కకి థాంక్స్. రోజూ వచ్చి కింద గాయానికి డ్రెస్సింగ్ చేస్తున్న నర్సమ్మాయికి ఇంకా పెద్ద థాంక్స్. గాయం పూర్తిగా మానలేదు, ఒక చోట ఇంకా తడిగా ఉంది, టైమ్ పడుతుందని ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడటం లేదు. బీ12 ఇంజెక్షన్లు మొదలయ్యాయి. ప్యాడ్లు మాత్రం డ్రెస్సింగ్ కోసమే.

ఇంకొక్క మాట. స్టోమా మొదటి వారాల్లో వాచి ఉంటుంది, తర్వాత చిన్నదవుతుంది. నాకు సైజు మారింది, 57 మిల్లీమీటర్ల ఫ్లాంజ్‌లు (చర్మానికి అంటించే, బ్యాగ్ తగిలించే ప్లేట్లు), వాటి బ్యాగులు సీల్ తీయనివి రెండు బాక్సులు మిగిలాయి. విజయవాడ చుట్టుపక్కల ఎవరికైనా అవసరమైతే మెసేజ్ చేయండి, మా ఆయన తెచ్చి ఇస్తారు. డబ్బులు వద్దు.